పసుపు రావట్లేదు

పడుకున్నాను, నిద్ర పట్టలేదు, లేచి వచ్చాను. పసుపు రంగు రావట్లేదు, అదీ సంగతి.

బొమ్మల కొలువుకి లైట్లు నేనే పెడతానన్నాను కదా. ఐదు మీటర్ల స్ట్రిప్పు, మీటరుకి 60 చొప్పున 300 ఎల్‌ఈడీలు. వాటన్నిటికీ ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోలరు బోర్డు నుంచి వెళ్లేది ఒకే ఒక్క డేటా వైరు. ప్రతి ఎల్‌ఈడీ తన రంగు చెప్పే 24 బిట్లు ఉంచుకుని మిగతావి ముందుకి తోసేస్తుంది. చివరిదాకా చేరడానికి 9 మిల్లీసెకన్లు. ఊనోకి ఉన్నదే 2 కేబీ మెమరీ, అందులో 900 బైట్లు ఈ రంగులకే. అయినా సాయంత్రం ప్లగ్గు పెట్టగానే అన్నీ వెలిగాయి. బుజ్జిది చప్పట్లు కొట్టింది. సరే, అది బాగానే ఉంది.

మా ఆవిడ మెట్ల వెనక పసుపు పెట్టమంది. ఒక్కో రంగుకి సున్నా నుంచి 255 దాకా ఇవ్వొచ్చు. ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం సున్నా ఇచ్చాను. లెక్క ప్రకారం అది పసుపే. వెలిగిస్తే మాత్రం ఆకుపచ్చగా ఏదోలా ఉంది. ఆవిడ ఒక్క చూపు చూసి, "అమ్మవారి ముఖం పాచి పట్టినట్టుంది, తీసెయ్యండి" అంది.

పోనీ అని మొత్తం తెల్లగా పెట్టాను. మొదట్లో తెలుపే, చివరికొచ్చేసరికి పసుపులోకి తిరిగిపోయింది. "ఇదిగో, ఇదే నేనడిగింది. అంతా ఇలాగే చెయ్యండి" అంది. నాకు ఒళ్లు మండింది. అది రంగు కాదు తల్లీ, లోపం! స్ట్రిప్పులో రాగి పొర పలచన, దూరం వెళ్లేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. ఎరుపుకి 2 వోల్టులు చాలు. ఆకుపచ్చకీ నీలానికీ 3 దాకా కావాలి, అవి ముందు నీరసపడతాయి. రెండో కొస నుంచి కూడా 5 వోల్టులు ఇస్తే సరిపోతుంది. పైగా 300 పూర్తి తెలుపులో వెలిగితే 18 ఆంపులు లాగుతాయి, నా అడాప్టరు 10 ఆంపులది, అందుకే వెలుగు తగ్గించి పెట్టాను. ఇంత చెబితే, మెట్ల మీద బట్ట సర్దుతూ తలెత్తకుండా, "లోపమే బాగుంటే మనకేంటి?" అంది. భోజనం దగ్గర కూడా నేను మాట్లాడలేదు.

ఇప్పుడు కోటప్పకొండ తిరనాళ్ల గుర్తొస్తోంది. శివరాత్రికి నాన్న భుజం మీద కూర్చుని కరెంటు ప్రభలు, అంటే బల్బులతో అలంకరించిన ఎత్తైన కట్టడాలు, చూసేవాణ్ని. అందరూ ముందు నిలబడితే, నాన్న నన్ను వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ మోటారుకి బెల్టు వేసి ఒక చెక్క రోలరు తిరుగుతోంది. దాని మీద ఇత్తడి రేకులు, కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. పైనుంచి వరసగా రాగి పట్టీలు రుద్దుకుంటుంటే చిటపట నిప్పురవ్వలు. రేకు ఉన్నంతసేపు ఆ వరస బల్బులు వెలుగుతాయి, తెగిన చోట ఆరిపోతాయి. కత్తెరతో రేకు కత్తిరించడమే ఆ లైట్లు నడిపేవాడి ప్రోగ్రామింగు. రోలరు పక్కన స్టూలేసుకుని బీడీ కాలుస్తున్నాడు ఆయన, చొక్కా నిండా గ్రీజు. జనరేటరు కాస్త నీరసపడితే బల్బులన్నీ ఎర్రబారేవి. ఆయన లేచి ఏమీ సరిచెయ్యలేదు. జనం కూడా ఏమీ అనుకోలేదు. నాకు ఆ ఎర్రబారిన ప్రభే గుర్తుంది, పూర్తి వెలుగులో ఎలా ఉండేదో గుర్తు లేదు.

అంటే ఆవిడ చెప్పిందే నిజమేమో. ఆవిడ చూసింది ఎరుపు నిలిచి ఆకుపచ్చ తగ్గిన వెలుగు. మామూలుగానే ఈ ఎల్‌ఈడీల్లో ఆకుపచ్చ మన కంటికి ఎక్కువ ఆనుతుంది, సమానంగా ఇస్తే అదే గెలుస్తుంది. రేపు పొద్దున్న ఎరుపు 255 దగ్గరే ఉంచి, ఆకుపచ్చ 150 నుంచి తగ్గిస్తూ చూస్తాను, నీలం ఊసే వద్దు. రెండో కొసకి వైరు మాత్రం లాగాల్సిందే, లేకపోతే చివరి మెట్టు దగ్గర పసుపు కూడా ఎర్రబడుతుంది, అప్పుడు అదే కావాలంటుంది.