తెల్ల తుపాకి

ఈ తుపాకిని నేను రంగు చూసి కొన్నాను. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం తేలిక. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన పార్క్ ర్యాపిడ్స్ వైపు వెళ్తూ దారిలో ఒక దుకాణంలో ఆగాను. గోడకు నల్లవీ గోధుమరంగువీ వరుసగా వేలాడుతున్నాయి. మధ్యలో ఇది ఒక్కటే తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద బూడిదరంగు పుల్లలు, ఎండుగడ్డి పరకలు అచ్చువేసి ఉన్నాయి. అదే రైఫిల్ నల్లరంగులో 140 డాలర్లు తక్కువ. అయినా చేయి దీని వైపే వెళ్లింది.

అప్పటినుంచి మా తెలుగువాళ్ల విందుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు: "ఆ రంగు వల్ల మంచులో నిజంగా జంతువుకు కనబడదా, లేక పైపై మెరుగేనా?" నాలుగు శీతాకాలాల తర్వాత చెప్పగలిగినంత చెబుతాను.

నేను పుట్టు వేటగాణ్ణి కాను. మార్కాపురం దగ్గర మా తాతగారి ఊళ్లో పంట మీద పడే అడవిపందులను తోలడానికి రాత్రుళ్లు మంచె మీద డప్పు కొట్టడం చూశాను, అంతే. మిన్నెసోటాలో 1979 తర్వాత పుట్టినవాళ్లు వేట లైసెన్సు కొనాలంటే ముందు తుపాకి భద్రత పరీక్ష గట్టెక్కాలి. నేను 1981లో పుట్టాను. నలభై దాటాక, పదకొండు పన్నెండేళ్ల పిల్లల పక్కన కూర్చుని ఆ పాఠాలు విన్నాను. పరీక్షలో నాకంటే వాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

నవంబరులో తుపాకితో జింకల వేటకు వెళ్తే, నడుము పైభాగానా నెత్తి మీదా కొట్టొచ్చినట్టు కనబడే నారింజ రంగో గులాబీ రంగో వేసుకోవాలని ఇక్కడి చట్టం. తోటి వేటగాళ్ల తూటా తగలకుండా ఉండటానికి. ఒళ్లంతా నారింజ పులుముకుని చేతిలో మంచురంగు తుపాకి పట్టుకోవడం పెళ్లి ఊరేగింపులో గుసగుసలాడినట్టు ఉంటుంది. పైగా జింకకు నారింజ, మనకు కనబడినట్టు కనబడదు. దాని కంట్లో రంగు పోల్చే కణాలు రెండు రకాలే. నారింజ వాటికి మట్టిరంగులా మసకగా ఉంటుంది. తుపాకి ఏ రంగుదైతే దానికేమిటి?

అసలు ప్రశ్న వచ్చేది జనవరిలో, కొయోట్ల వేటలో. నక్కకు పెద్ద, తోడేలుకు చిన్న ఈ జంతువు. దెబ్బతిన్న కుందేలు అరుపు వినిపించే యంత్రాన్ని దూరంగా పెట్టి, మంచులో బోర్లా పడుకుని కాపు కాయాలి. నాకు ఇది నేర్పింది మా కాబిన్ పక్కన ఉండే పెద్దాయన. ఆయన రైఫిల్ ముదురు వాల్‌నట్ చెక్కది, నాకంటే వయసులో పెద్దది. నా తెల్ల తుపాకిని మొదటిసారి చూసి, "ఇది కనబడదు సరే, నిన్నేం చేద్దాం?" అన్నారు.

ఆ జనవరి మొదటి వేట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. సున్నాకు దిగువన 23 డిగ్రీలు. గడ్డకట్టిన సరస్సు అంచున జమ్ము చాటునుంచి కొయోట్ వచ్చింది. నేరుగా రాలేదు, గాలి వాలుకు చుట్టు తిరిగి వచ్చింది. వంద గజాల లోపు ఆగింది. ట్రిగ్గర్ నొక్కాను. "టిక్." అంతే. తూటా ఆలస్యంగా పేలవచ్చని పాఠంలో చెప్పినట్టు గొట్టాన్ని అటే ఉంచి అరనిమిషం ఆగాను. కొయోట్ మాత్రం ఆగలేదు. దుకాణంలో పూసిన నూనెను నేను తుడవలేదు. ఆ చలికి అది జిగురులా చిక్కబడి, లోపలి పిన్ను తూటాను గట్టిగా కొట్టలేకపోయింది. 140 డాలర్లు పెట్టి రంగు కొన్నవాణ్ణి, పాత బనీను గుడ్డతో నూనె తుడుచుకోలేకపోయాను. ఇప్పుడు శీతాకాలం రాగానే ఆ పిన్ను ఉండే బోల్టు విప్పి, నూనె మొత్తం తీసేసి, పొడిగా వాడతాను.

ఉక్రోషంతో ఒక పరీక్ష కూడా చేశాను. ఖాళీ చేసిన తుపాకులు, ఆయనదీ నాదీ, నాలుగు చోట్ల ఆనించి, ఎనభై గజాల నుంచి ఫోనుతో నలుపు తెలుపు ఫోటోలు తీశాను. సరస్సు మీది మంచులో నాది నిజంగానే మాయమైంది. జమ్ములో ఆయనదే నయం. బర్చ్ చెట్ల దగ్గర రెండూ సమానం. స్ప్రూస్ చెట్ల నీడలో మాత్రం నా తుపాకి చీకటి గదిలో ట్యూబులైటులా వెలిగిపోయింది. శీతాకాలం అనగానే మనకు తెల్లటి బొమ్మ మనసులో మెదులుతుంది గానీ, అడవి తెల్లగా ఉండదు. మంచు మీద పడే నీడలు నీలంగా ఉంటాయి, మానులు నల్లగా ఉంటాయి, గడ్డి పసుపు. అంత శ్రద్ధగా అచ్చువేసిన పుల్లలూ పరకలూ కొంత దూరం పోగానే కలిసిపోయి ఉత్త బూడిదరంగు అవుతాయి. అవి కొనేవాడి కంటికోసం వేసినవి. ఇంకో సంగతి, అన్ని ఫోటోల్లోనూ స్పష్టంగా కనబడిందల్లా తుపాకి మీది నల్లటి దుర్భిణి. తెల్లది కొనడానికి డబ్బులు మిగల్లేదు మరి.

కంటి సంగతి ఇంకా చిక్కుగా ఉంది. తాజా మంచు అతినీలలోహిత కాంతిని చాలావరకు తిప్పికొడుతుంది. మనకది కనబడదు. ఉత్తర ధ్రువ ప్రాంతపు రెయిన్‌డీర్‌కు కనబడుతుంది. కుక్క కంటి కటకం కూడా ఆ కాంతిని కొంత లోపలికి రానిస్తుందని లండన్ పరిశోధకులు 2014లో చూపించారు. కొయోట్ కుక్కకు దగ్గరి చుట్టం. తెల్ల పెయింటులో సాధారణంగా వాడే టైటానియం డయాక్సైడ్ ఆ కాంతిని మింగేస్తుంది. అంటే మనకు మంచులా కనబడే తెలుపు, ఆ కాంతి చూడగలిగే కంటికి మంచు మీద ముదురు మచ్చలా ఉండవచ్చు. మనిషి కంటికి పెట్టిన పరీక్షలో నెగ్గిన రంగు అది. దాన్ని కొయోట్ కంటికి కనబడదని చెప్పి అమ్ముతున్నారు.

అయితే రంగు పూర్తిగా దండగా? ఆరుబయట మంచులో పడుకుంటే, పొడుగాటి నల్లటి గీత పక్కకు కదిలినప్పుడు కంట్లో పడుతుంది. గొట్టం నిగనిగ, ఎండ తగిలిన మెరుపు మరీ చెడ్డవి. తెలుపు వాటిని కొంత తగ్గిస్తుంది. కానీ కదిలితే ఏ రంగూ కాపాడదు. మా ఊరి చెరువులో కొంగ పచ్చటి తూటి ఆకుల మధ్య తెల్లగా నిలబడే చేపలు పడుతుంది. దాని విద్యంతా జపంలోనే ఉంది. 1939–40 శీతాకాల యుద్ధంలో పేరుపడ్డ ఫిన్లాండ్ గురికాడు సిమో హైహా కూడా మొదట రైతు, వేటగాడు. ఆయన తెల్ల దుస్తులు వేసుకున్నాడు నిజమే. కానీ తల ఎత్తాల్సివస్తుందని దుర్భిణి వద్దని గొట్టం మీది ఇనుప గురితోనే కాల్చాడు. కాల్చినప్పుడు మంచు లేవకుండా ముందున్న మంచును గట్టిగా అణిచిపెట్టేవాడు.

ఇప్పుడెవరైనా అడిగితే నల్ల తుపాకే కొని, తనకు తానే అంటుకునే తెల్ల గుడ్డ చుట్ట ఒకటి తెచ్చుకోమంటాను. 8 డాలర్లు. చలికి ఇనుము చేతికి అంటుకోదు, కొమ్మకు తగిలితే చప్పుడు చేయదు. వసంతంలో విప్పేయవచ్చు. గొట్టాన్నీ కింది చెక్కనూ కలిపి మాత్రం చుట్టకూడదు, గురి మారుతుంది. మొదటిసారి నేను అదే చేసి అరపూట తూటాలు తగలేశాను. ట్రిగ్గరు, సేఫ్టీ, బోల్టు పిడి దరిదాపులకు గుడ్డ రాకూడదు. ఇంటికి రాగానే విప్పి ఆరబెట్టాలి. కారు వెచ్చదనానికి మంచు కరిగి గుడ్డలో నిలుస్తుంది, రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. పెద్దాయన తుపాకికి చుట్టి ఇచ్చి నేనే ఆ తప్పు చేశాను. ఆయన ఏమీ అనలేదు. సన్నటి ఉక్కుపీచూ నూనె సీసా తెచ్చి నా ముందు పెట్టారు.

నా తెల్ల రైఫిల్ ఇంకా నాతోనే ఉంది. కిందటేడు దాన్ని సరస్సు ఒడ్డున పెట్టి, బొక్కబోర్లా పడ్డ యంత్రాన్ని సరిచేయడానికి ఇరవై అడుగులు వెళ్లి తిరిగివస్తే కనబడలేదు. మంచు కురుస్తోంది. మోకాళ్ల మీద వెతికాను. అప్పటినుంచి దాని పటకాకు నారింజ రిబ్బన్ కట్టి ఉంచుతున్నాను. మొన్న శనివారం పెద్దాయన తుపాకి మీది చుట్టలు విప్పి వంటింటి హీటరు పక్కన ఆరేశాను. మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "ఎవరికి దెబ్బ తగిలిందండీ?" అని అడిగింది.