మా కుళాయి నీళ్లకు లెక్క అడుగుదాం

గుంటూరులో మా కాలనీలో రెండు లైన్ల (వీధుల) వాళ్లకు పొద్దున కుళాయి వదలగానే కాసేపు నీళ్లు రంగు మారి, మురుగు వాసనతో వస్తున్నాయి. వెల్ఫేర్ అసోసియేషన్ మీటింగులో పెద్దలు ఎప్పటిలాగే "అందరం కలిసి మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి వినతిపత్రం ఇద్దాం" అన్నారు. ఇద్దాం, కాదనను. కానీ వినతిపత్రం ఇస్తాం, "చూస్తామండీ" అంటారు, మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో మన ఫొటో పడుతుంది, మన పని అయిపోయిందని అందరం ఇళ్లకు వెళ్లిపోతాం. ఫలానా తేదీలోపు ఫలానా మనిషి జవాబు ఇచ్చి తీరాలన్న కట్టుబాటు ఎక్కడా ఉండదు. అందుకే ఈసారి సమాచార హక్కు చట్టం కింద రికార్డులు అడుగుదామని పట్టుబట్టాను. మీటింగుకు రాని వాళ్ల కోసం ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

గుంటూరు వాళ్లకు ఈ భయం కొత్త కాదు. 2018 మార్చిలో ఆనందపేట, సంగడిగుంట వైపు తాగే నీళ్లలో మురుగు కలిసి అతిసారం వచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు, వందల మంది పెద్దాసుపత్రిలో చేరారు. ప్రాణాలు పోయాక వచ్చే పరామర్శలూ ట్యాంకర్లూ ఎవరికి కావాలి? వాసన వస్తున్నప్పుడే అడగాలి.

మురుగు కుళాయిలోకి ఎలా వస్తుందో ముందు తెలుసుకుంటే ఏం అడగాలో తెలుస్తుంది. కృష్ణ నీళ్లను శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కిస్తారు. చాలాసార్లు చెడేది ట్యాంకు నుంచి ఇంటికి వచ్చే దారిలోనే. మన వీధుల్లో ఎన్నో ఇళ్లకు కనెక్షన్ పైపు సైడు కాలువను దాటుకుని, కొన్నిచోట్ల కాలువలో మునిగే వస్తుంది. నీళ్లు వదిలినంతసేపూ పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి చిల్లు ఉన్నా నీళ్లు బయటికే పోతాయి. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు ఆ చిల్లులోంచే కాలువ నీళ్లు లోపలికి జారతాయి, మర్నాడు మొదటి బిందెలో పడేది అవే. ఈ సంగతి నాకు ఇంత వివరంగా చెప్పింది మా వైపు వాల్వులు తిప్పే ఫిట్టరే. ఏ ఇంటి ముందు పైపు ఎక్కడ అతుకు పడిందో అతనికి నోటికి వచ్చు, అలాంటి మనిషిని మనం వీధిలో నిలబెట్టి తిట్టడం అన్యాయం.

తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కొలి అనే క్రిమి ఒక్కటి కూడా కనపడకూడదు. క్లోరిన్ కలిపిన నీళ్లు మన కుళాయి దాకా వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిపడా ఉండి, లైను చివరి ఇంట్లో అసలు లేకపోతే, మధ్యలో చేరిన మురికితోనే అది ఖర్చయిపోయిందేమోనని అనుమానించాలి. కాబట్టి మనం అడగాల్సిన మొదటి కాగితం క్లోరిన్ రిజిస్టరు. గత మూడు నెలల్లో ఏ రోజు, ఏ వీధిలో, ఏ ఇంటి దగ్గర పరీక్ష చేశారు, ఎంత వచ్చింది. ట్యాంకు దగ్గర చేసిన పరీక్ష ఒక్కటే చూపిస్తే సరిపోదు.

2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దీనికి పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే పై అధికారికి మొదటి అప్పీలు, ఆ పైన రాష్ట్ర సమాచార కమిషన్. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని సెక్షన్ 7(1)లో ఉంది, నీళ్ల విషయంలో ఆ మాట ఎత్తి చూపాలనే నా ఉద్దేశం. రెండు జాగ్రత్తలు చెప్తాను. దరఖాస్తు అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద వద్దు, ఒక మనిషి పేరుతో పెట్టాలి, ఎందుకంటే చట్టం ఈ హక్కును పౌరులకు ఇచ్చింది, సంఘం పేరుతో పెడితే తిప్పి పంపడానికి సాకు దొరుకుతుంది. ఇంకొకటి, "మా నీళ్లు ఎందుకు బాగోలేవు" అని రాయకూడదు. ఆఫీసులో ఉన్న రికార్డును ఇవ్వమనే చట్టం చెబుతుంది, కారణాలు వివరించమని కాదు. రిజిస్టరు కాపీ, ల్యాబ్ రిపోర్టు కాపీ, ఎస్టిమేటు కాపీ, ఇలా కాగితం పేరు పెట్టి అడగాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఎం-బుక్. కాంట్రాక్టరు చేసిన పనిని ఇంజనీరు కొలిచి ఎన్ని మీటర్లు, ఎంత లోతు అని రాసే పుస్తకం అది, బిల్లు చెల్లించేది దాన్ని బట్టే. మన లైన్లో సైడు కాలువ కట్టినప్పుడు మంచినీటి పైపుల్ని పక్కకు మార్చడం ఎస్టిమేటులో ఉందా? ఉంటే ఎం-బుక్‌లో ఎన్ని మీటర్లు మార్చినట్టు రాశారు? లోపాలు బయటపడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలన్న గడువు అగ్రిమెంటులో ఎప్పటిదాకా ఉంది? ఆ గడువు దాటాక అడిగితే మళ్లీ మన పన్ను డబ్బుతోనే చేయించుకోవాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, అదే సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన మెటీరియల్ శాంపిల్ తీసుకోవడానికి కూడా మనకు హక్కుంది. పుస్తకం పట్టుకుని, టేపు పట్టుకుని కాలువ పక్కన నడవొచ్చు.

మీటింగు అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి "ఎందుకమ్మా గొడవ, రేపు ఇంటి ప్లానుకో, పన్ను పేరు మార్పుకో వాళ్ల దగ్గరికే వెళ్లాలి కదా" అన్నారు. ఆయన భయం నిజమైనదే బాబాయిగారూ, ఒక్కరే వెళ్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. సంఘం ఉన్నది అందుకే కదా. ఒకే రోజు పదిమంది పది పేర్లతో ఒక్కో కాగితం అడిగితే ఎవరినని గుర్తుపెట్టుకుంటారు? ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను కట్టి 5 శాతం రిబేటు తీసుకునే మనుషులం, లెక్క అడిగితే తప్పేముంది?

మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది, 1993 జూన్ నుంచి అమల్లో ఉన్న మాట. గుంటూరు జనాభా ఆరు లక్షలు ఎప్పుడో దాటింది. మన వార్డుకు కమిటీ ఉందా, ఉంటే మినిట్స్ పుస్తకం ఏదీ అని కూడా ఆ దరఖాస్తుల్లోనే అడుగుతున్నాం.

ఇక మన వైపు సంగతి. కుళాయి పైపుకు నేరుగా మోటారు బిగించిన ఇళ్లు మన లైన్లలో ఉన్నాయి. మోటారు లాగినప్పుడు లైన్లో ప్రెషర్ పడిపోయి, పక్కింటి పైపు చిల్లులోంచి మురుగు ఇంకా జోరుగా లోపలికి వస్తుంది. కాలువ మీద గేటు దాకా ర్యాంపు పోసుకుని, పూడిక తీయడానికి చోటు లేకుండా చేసిన వాళ్లూ ఉన్నారు. మీటింగులో ఈ మాట ఎత్తగానే అందరూ నిశ్శబ్దం అయిపోయారు. ఆఫీసు వాళ్లు మనల్ని మొదట అడిగేది ఇదే, కాబట్టి దరఖాస్తు పెట్టేలోపే మోటార్లు తీసేయాలి. సంపు కట్టుకుని దాంట్లోంచి పైకి ఎక్కించుకోండి, ఖర్చయినా తప్పదు.

తెల్లవారుజామున లేచి నీళ్లు పట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, మీటింగులో కూర్చునేది మాత్రం మగవాళ్లు. అద్దెకున్న వాళ్లను సభ్యులుగానే చూడటం లేదు, వాళ్ల పిల్లలు తాగేదీ ఆ నీళ్లే. ఏ రోజు ఎన్నింటికి వదిలారు, ఎంతసేపు వాసన వచ్చింది, తేదీతో రాసి ఉంచగలిగేది నీళ్లు పట్టేవాళ్లే. ఆ నోటుబుక్కులు లేకుండా సోమవారం అర్జీలు తీసుకునే రోజున వెళ్తే మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు గ్రూపులో పెడదాం, పరిష్కారమైందని మెసేజ్ వచ్చినా నీళ్లు అలాగే ఉంటే మళ్లీ తెరవమని అడుగుదాం.

ఆదివారం మీటింగు సాయంత్రం కాదు, పదకొండింటికి మార్చాం, వంట పనులు అయ్యాక అక్కలందరూ రావడానికి వీలుగా. అద్దె ఇళ్ల వాళ్లూ రావాలి. దరఖాస్తు నమూనాలు రాసి తెస్తాను, మీ పేరుతో సంతకం పెట్టడానికి సిద్ధపడి రండి. మోటారు తీసేసిన ఇళ్ల పేర్లు కూడా ఆ రోజే రాసుకుందాం.