నాయన పొలం, ఊరి కళ్లు

మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద మాకు నాలుగెకరాల పొలం ఉంది. పోయిన దసరాకు టీ కొట్టు దగ్గర ఒకాయన ఫోనులో సర్వే నంబరు కొట్టి, మా నాయన పేరూ విస్తీర్ణమూ పదిమందికీ వినబడేలా చదివాడు. మర్నాటి నుంచి చేబదుళ్ల కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. "ఇది ఎవరి కంట పడకుండ చేసుకునే దారి చట్టంల లేదా బిడ్డా?" అని నాయన అడిగాడు.

పొలం అమ్మి, వచ్చిన డబ్బుతో తన పేరు మీద ప్లాటు కొనమని మేనమామ సలహా ఇచ్చాడు. డబ్బు ఒకరిది, పేరు మరొకరిది అయితే అది బినామీ. బినామీ చట్టానికి 2016లో వచ్చిన సవరణ తరువాత దానికి ఏడాది నుంచి ఏడేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా, పైగా ఆస్తి జప్తు. లెక్క చూపగల సొమ్ముతో భార్య పేరునో పిల్లల పేరునో కొంటే మినహాయింపు ఉంది గానీ, ఊళ్లో ఆ పేరు ఎవరికి తెలియదు? ట్రస్టులు, కంపెనీలు మా నాలుగెకరాలకు మోయలేని ఖర్చు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. నాకు అది న్యాయమే అనిపిస్తుంది, ఎందుకంటే ఈ పొలం కొనేటప్పుడు నాయన ఈసీ (ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయించబట్టే దాని మీద ఉన్న పాత తాకట్టు బయటపడి, అది తీరాకే మేము డబ్బు కట్టాము.

అదే సెక్షన్‌లో మాకు పనికొచ్చే మాట ఒకటి దొరికింది. వీలునామాలు మూడో పుస్తకంలో ఎక్కుతాయి. రాసినవారు బతికి ఉన్నంతకాలం నకలు వారికి గానీ వారి ఏజెంటుకు గానీ తప్ప ఇతరులకు ఇవ్వరు. ఎంత భూమి ఉందో దాచలేకపోయినా, అది ఎవరికి పోతుందో దాచుకోవచ్చన్నమాట. ఇంట్లో తగవులు పుట్టేది అసలు అక్కడే కదా! సాక్షులుగా ఇద్దరు ఉండాలి గానీ, లోపల ఏముందో వాళ్లు చదవనవసరం లేదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వీలునామాకు వేలిముద్ర వేశాక నాయన ఇంకు అంటిన బొటనవేలిని తువ్వాలకు తుడుచుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అందులో నా వాటా ఎంతో నాకూ తెలియదు, నేను అడగలేదు.