నీలం అజ్రక్

షార్జాలో మా రూమ్‌లో లాహోర్ భాయ్ ఒకాయన, ముల్తాన్ భాయ్ ఒకాయన ఉండేవాళ్లు. ఇద్దరిదీ పంజాబీ భాషే అనుకున్నాను. ఒక రాత్రి ఆ మాటే అంటే ముల్తాన్ ఆయన మొహం చిన్నబోయింది. "మాది సరాయికీ, భాయ్" అన్నాడు మెల్లగా. ఆ మాటకి నా మనసు చివుక్కుమంది.

ఆ రోజు నుంచి శ్రద్ధగా విన్నాను. 'నేను వెళ్తాను' అనడానికి లాహోర్ ఆయనది 'మై జావాంగా', ఈయనది 'మై వేసాన్'. బ, డ, జ, గ లకి సరాయికీలో ఇంకో రకం పలుకుబడి ఉంది, గాలి లోపలికి లాగుతూ పలకాలి. ఆయన నోట్లో ఎంత సులువుగా పలికేదో! నాకు ఇప్పటికీ పట్టుబడలేదు. పాకిస్తాన్ జనాభా లెక్కల్లో సరాయికీని విడిగా లెక్కించడం 1981లోనే మొదలైందట.

ఇద్దరూ వేసేది సల్వార్ కమీజే. ఊళ్లో పెద్దవాళ్లు మన లుంగీలాంటి తహ్‌మత్ కడతారని చెప్పేవాళ్లు. పండగరోజు మాత్రం ముల్తాన్ భాయ్ భుజం మీద నీలం, తెలుపు అచ్చుల అజ్రక్ శాలువా ఉండేది. సింధీలది ఎక్కువగా ఎరుపు. నమాజ్ నుంచి రాగానే దాన్ని పాత మడతల మీదే మడిచి, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకునేవాడు.