58 ఏళ్ళకి కొత్త ఓటరునయ్యాను

1989 నవంబరులో మొదటి ఓటు వేశాను. అప్పటినుంచి అసెంబ్లీ ఎన్నిక ఒక్కటీ వదల్లేదు. ఓసారైతే జ్వరంతోనే రేవు దాటి వచ్చి వేశాను. అలాంటిది 2024 జనవరి 22న ఓటర్ల తుది జాబితా వచ్చాక చూస్తే, మా ఇంటి నంబరు కింద మా ఆవిడ ఉంది, నేను లేను.

నేను శాశ్వతంగా వలస వెళ్ళిపోయానని, పేరు తీసెయ్యమని ఎవరో ఫారం-7 పెట్టారట. మనవరాలు పుట్టిందని దసరా తర్వాత ఇద్దరం రెండు నెలలు హైదరాబాద్‌లో ఉన్న మాట నిజమే. ‘నేను వలసపోతే ఆవిణ్ణి ఇక్కడ వదిలేసి పోయానా?’ అంటే ఆఫీసులో గుమస్తా నవ్వాడు. పేరు తీసేముందు నోటీసివ్వాలి కదా అంటే, ఇచ్చామన్నాడు. పెట్టినవాళ్ళెవరంటే కంప్యూటర్ పనిచెయ్యట్లేదన్నాడు. అబద్ధపు ఫారం పెడితే ఏడాది దాకా జైలని చట్టంలోనే ఉంది. చదివేవాళ్ళేరీ!

తీసేసిన పేరు మళ్ళీ ఎక్కాలంటే కొత్త ఓటరులా ఫారం-6 పెట్టుకోవాలి. ఫారం-8 సవరణలకీ, చిరునామా మార్పుకీ. అది తెలియక ఓ పూట పోగొట్టుకున్నాను. ఫారం-6 మా మేనల్లుడు ఫోన్లో పది నిమిషాల్లో పెట్టేశాడు.

అసలు కథ విచారణ రోజున. మా పోలింగు బూతు ఓటర్ల జాబితా చూసే బీఎల్వో అమ్మాయి పొద్దున్నే వచ్చింది. నేను పంచె ఎగ్గట్టి, దింపిన కాయలు లెక్కపెడుతున్నాను.

‘బాబాయిగారూ, మీరిక్కడే ఉంటున్నారని పక్కవాళ్ళు చెప్పాలండి.’

‘ఎదురుగానే ఉన్నాను కదమ్మా.’

‘మీరు చెబితే కుదరదండి.’

సరిగ్గా అప్పుడే గట్టు మీదకి పక్క తోటాయన వచ్చాడు. ఆ గట్టు మీది కొబ్బరిచెట్టు ఎవరిదన్న దాని మీద ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు. నిజం చెప్పాలంటే, ఫారం-7 పెట్టింది ఆయనేనని అప్పటిదాకా నా అనుమానం. ‘ఏవండీ, ఈయన ఊళ్ళోనే ఉంటున్నారాండీ?’ అని ఆ అమ్మాయి అడిగేసింది.

ఆయన నా వంక చూడలేదు, చెట్టు వంక చూశాడు. వేపపుల్ల నములుతూ కాసేపాగాడు. ఉమ్మాడు. చెంబుతో నీళ్ళు పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. మా తాత కట్టిన ఇంటి ముందు నిలబడి, నేనున్నానో లేనో ఆ నోటినుంచి వినాల్సి వచ్చింది.

‘ఆయ్, ఉంటన్నారండి. మొన్న రాత్రి మా కాయలు రెండు ఏరుకుపోయారు కూడానండి.’

ఆ అమ్మాయి మొదటి ముక్క రాసుకుని, రెండోదానికి నవ్వాపుకుంది. నేను కాదనలేదు. కాదంటే సాక్షి పోతాడు.

వారం దాటాక జాబితాలో పేరు కనబడింది. అప్పటికి ఎన్నికల షెడ్యూలు రేపో మాపో వచ్చేలా ఉంది. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే కొత్త పేరు ఎక్కదు, దరఖాస్తు దానికి ఓ పది రోజుల ముందే పడాలి. జేబులో ఓటరు కార్డుందని ధీమా పడకండి, జాబితాలో పేరు లేకపోతే ఆ కార్డు ఎందుకూ కొరగాదు. ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, ఆ గుమస్తా కంటే వెయ్యి రెట్లు నయం.

ఆ రెండు కాయలూ పక్కింటికి పంపెయ్యమని మా ఆవిడ గొడవ. సాక్ష్యం చెప్పాడు కదా అంటుంది. పంపేది లేదు. అవి మా చెట్టువే.