కూర్చోబెట్టి చూస్తే దొరకని ఉబ్బసం

మా పాప 800 మీటర్లు పరుగెత్తుతుంది. పరుగులో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఆపిన ఐదు నిమిషాలకు మొదలవుతుంది: పొడిదగ్గు, ఛాతీ పట్టేయడం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు. పది పదిహేను నిమిషాల్లో ముదిరి, గంట తిరిగేసరికి దానంతటదే సర్దుకుంటుంది. అలా సర్దుకోవడమే మా కొంప ముంచింది. డాక్టరు స్టెతస్కోపు పెట్టే వేళకి ఏ చప్పుడూ ఉండదు, ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. తిరుపతిలోనే ఒక డాక్టరుగారు నెలల తరబడి దగ్గు సిరప్పులు మారుస్తూ పోయారు. స్కూల్లో పీటీ సారేమో "ఏం లేదమ్మా, పరీక్షలప్పుడు కొందరికి కడుపునొప్పి వస్తుంది చూడండి, అదే ఇది" అన్నారు, పిల్ల ముందరే. అప్పట్నుంచి అది దగ్గొస్తే బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని దగ్గడం నేర్చుకుంది. ఆ మాట మీద కోపం నాకింకా చల్లారలేదు.

భోగి తెల్లవారుజామున బయటపడింది. చలి, వీధిలో భోగిమంట, అందులో ఎవరో పాత టైరు కూడా వేశారు. పిల్లలంతా మంట చుట్టూ తరుముకుంటూ ఆడారు. ఇంటికొచ్చిన పాప మంచం అంచున రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగి కూర్చుంది. మెడ కింద గుంట, పక్కటెముకల సందులు ప్రతి ఊపిరికీ లోపలికి పోతున్నాయి. "మంచినీళ్ళు" అనే మాటను మధ్యలో ఆగి రెండు ముక్కలుగా అంది. కాసేపటికి పిల్లికూతలు ఆగాయి. "హమ్మయ్య, తగ్గింది" అని మా అత్త దేవుడి గూటి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. తగ్గలేదు. కూత రావాలన్నా కొంత గాలి ఆడాలి, అది కూడా ఆడటంలేదు. ఆయాసం అలాగే ఉండి చప్పుడు మాత్రం ఆగిపోతే, పెదాలు నీలంగా మారితే, మాట పూర్తిగా రాకపోతే ఇక ఎదురుచూడకూడదు, 108కి చెయ్యాలి. పడుకోబెట్టకూడదు. రిలీవర్ ఇన్‌హేలర్ (బిగుసుకున్న శ్వాసనాళాలను వెంటనే తెరిచేది) ఇంట్లో ఉంటే స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టపు డబ్బాతో, ఒక్కొక్కటిగా 4 నుంచి 10 పఫ్‌ల దాకా, మొదటి గంటలో 20 నిమిషాలకోసారి ఇస్తూనే బయల్దేరాలి. మా ఇంట్లో ఆ రోజు సిరప్పు సీసాలు తప్ప ఏమీ లేవు.

ఆక్సిజన్, నెబ్యులైజర్, స్టెరాయిడ్, రెండు రోజుల వార్డు. అవన్నీ అందరికీ తెలిసినవే. అక్కడి చిన్న డాక్టరమ్మ మాత్రం "ఈ పిల్లను కూర్చోబెట్టి కాదు, పరుగెత్తించి చూడాలి" అంది. ఆమెకు మేం రుణపడి ఉన్నాం. కోలుకున్నాక ముక్కుకు క్లిప్పు పెట్టి, ట్రెడ్‌మిల్ మీద ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, గుండె గరిష్ఠ వేగంలో 80–90 శాతానికి చేరేలా పరుగెత్తించారు. తర్వాత 5, 10, 15, 30 నిమిషాలకు గొట్టంలోకి ఊదించారు. మొదటి సెకనులో వదిలే గాలి 10 శాతం, ఆపైన పడిపోతే వ్యాయామం వల్ల వచ్చే ఉబ్బసమే. మా పాపకు దానికి రెట్టింపు పడింది.

పరుగులో నోటితో వేగంగా పీలుస్తాం. ముక్కు తడి తగలని పొడిగాలి నేరుగా లోపలికి పోతుంది. శ్వాసనాళాల పొర ఆరి, అక్కడి కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయిన్‌లు అనే రసాయనాలు వదులుతాయి. వాటికి నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. చలి, దుమ్ము, పొగ తోడైతే ఇంకా ఎక్కువ.

మందు రెండు రకాలు. పరుగుకు పావుగంట ముందు సాల్‌బుటమాల్ అనే రిలీవర్, 100 మైక్రోగ్రాములవి రెండు పఫ్‌లు. రెండు నుంచి నాలుగు గంటలు కాపు కాస్తుంది. రోజూ దాని మీదే నడిపితే పట్టు తగ్గుతుంది. అందుకే లోపలి వాపుకు బ్యుడెసొనైడ్ అనే పీల్చే స్టెరాయిడ్ పూటపూటా ఉండాలి. అది పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అని చుట్టాలందరూ అన్నారు. వాళ్ళెవరూ ఆ భోగినాడు మంచం పక్కన లేరు.

మందు కంటే వాడే తీరులోనే తప్పులు ఎక్కువ. డబ్బాను బాగా ఊపాలి. ఊపిరి పూర్తిగా వదలాలి. స్పేసర్ మూతిని పళ్ళ మధ్య పెట్టి పెదాలు మూయాలి. ఒక్క పఫ్ నొక్కి నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. రెండోదానికి అర నిమిషం ఆగి మళ్ళీ ఊపాలి. రెండూ ఒకేసారి నొక్కితే మందు ఎక్కువగా స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బునీళ్ళలో ముంచి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. తుడిస్తే రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తుకు మందు అంటుకుపోతుంది.

వార్మప్‌ను మొక్కుబడిగా చేయనివ్వకండి. పది పదిహేను నిమిషాలు, మధ్యమధ్య చిన్న చిన్న స్ప్రింట్‌లతో చేస్తే చాలామంది పిల్లలకు ఆ తర్వాత గంట, రెండు గంటల పాటు బిగుతు రాదు, వచ్చినా తక్కువే. పీల్చేటప్పుడు కీచుమంటూ, గొంతు దగ్గరే పట్టేసి, ఆపగానే తగ్గిపోతే అది ఉబ్బసం కాకపోవచ్చు, స్వరపేటిక సమస్య కావచ్చు. దానికి ఇన్‌హేలర్ పనిచేయదు.

మా అత్త కాలినడక మొక్కుకుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. డాక్టరమ్మ వద్దనలేదు. పాదాల మండపం దగ్గర రెండు పఫ్‌లు, పావుగంట కూర్చోవడం, మొదటి మెట్లు కావాలనే నెమ్మదిగా, ముక్కుకు పలుచని తువ్వాలు. గాలిగోపురం దాకా ఏకబిగిన నిటారు మెట్లు, అక్కడే నాకు భయమేసింది. ఆగి కూర్చుంటే నాకే ఆయాసం, దానికి లేదు. మోకాళ్ళమిట్ట దగ్గర నన్ను చెయ్యిపట్టి లాగింది. అత్త స్వామి దయ అంటుంది, నేనూ దణ్ణం పెట్టుకున్నాను. బ్యుడెసొనైడ్ మాత్రం ఒక్క పూటా తప్పనివ్వలేదు.

"మందు పీల్చి పరుగెత్తితే డోపింగ్ కాదా" అని మైదానంలో ఒకరిద్దరు అడిగారు. కాదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిబంధనల ప్రకారం పీల్చే సాల్‌బుటమాల్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు మించకూడదు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. అంటే 8 గంటల్లో ఆరు పఫ్‌లు. అదే మందు మాత్రగానో సిరప్‌గానో తాగితే నిషిద్ధం. మన దగ్గు సిరప్‌లు చాలావాటిలో అదే కోవకు చెందిన టెర్బుటలిన్ ఉంటుంది, తాగితే అదీ నిషిద్ధమే. పోటీలకు వెళ్ళే పిల్లలుంటే సీసా వెనక చిన్న అక్షరాలు చదివి గానీ తాగించకండి.