మా పెద్దమ్మ, తేజ కాయ

“గ్లౌజు వేసుకుంటే కాయ చేతికి ఆనదురా” అంటూ నేను కొనుక్కెళ్లిన జతను పెద్దమ్మ అన్నం క్యారేజీ కింద పెట్టేసింది. గుంటూరులో చిలకలూరిపేట రోడ్డు పక్కన గోదాము. ముందు తేజ రకం మిర్చి గుట్ట, చైనా దాకా వెళ్లే సరుకు. ఆ కాయలకు తొడిమలు తీయడమే పెద్దమ్మ పని.

బొటనవేలి గోరు తొడిమ మొదట్లో ఆనిస్తుంది, కొంచెం తిప్పుతుంది. తొడిమ ఊడి వస్తుంది, కాయ చిట్లదు. చిట్లితే గింజలు రాలతాయి, మేస్త్రీ ముఖం మాడుతుంది. ఆ గోటి చుట్టూ చర్మం మాత్రం ఘాటుకు నల్లబడి, పగుళ్లు తేలింది.

ఒకప్పుడు వాళ్ల పేటలోని ఆడవాళ్లంతా ఈ గుట్టల చుట్టూనే కూర్చునేవారు. పెళ్లి సంబంధాలు, చీటీల తగాదాలు, అత్తల మీద పితూరీలు, అన్నీ ఇక్కడే తేలేవి. ఇప్పుడు సగం మంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పాతవాళ్లకు అది కంటగింపు. తగాదాలన్నా తగ్గాయి కదా అని నాకు అనిపించింది. పైకి అంటే నా పని అయ్యేది!

కూలి ఇప్పటికీ కిలోల లెక్కే. డబ్బు మాత్రం ఫోనులో పడుతోంది.

మనవరాలు నర్సింగ్ చదువుతోంది. “దాన్ని ఈ గడప తొక్కనివ్వను” అంది పెద్దమ్మ. ఊపిరి తిప్పుకోకుండానే, “ఈ కాలం పిల్లలకు కాయ పట్టుకోవడం కూడా రాదు, ఈ పని మాతోనే పోతుంది” అని సణిగింది. ఏ మాటకు తల ఊపాలో తెలియక రెండింటికీ ఊపాను.